ఆంప్ లేని స్టేజీ మీద గిటారిస్టు చెవి: ప్రాసెసర్‌తో ఇన్‌ఇయర్ మానిటర్ అమర్చుకునే పద్ధతి

పెళ్ళి సంగీత్ బ్యాండ్లలో, చర్చి ఆరాధన బృందాల్లో, కాలేజీ ఫెస్టుల్లో గిటారిస్టు వెనక ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) కనబడటం తగ్గిపోయింది. కాళ్ళ దగ్గర ప్రాసెసర్ (ఆంప్, స్పీకర్, ఎఫెక్టుల శబ్దాన్ని డిజిటల్‌గా తయారుచేసే పెట్టె) ఉంటుంది, దాన్నుంచి కేబుల్ నేరుగా మిక్సర్‌కు పోతుంది. ఆంప్ ఉంటే మానిటర్ (వాయించేవాళ్ళు తమను తాము వినడానికి పెట్టుకునేది) మూగబోయినా వీపు వెనక నుంచి గిటార్ వినపడుతుంది. ప్రాసెసర్‌తో ఆ ఆసరా ఉండదు. మానిటర్‌లో రాకపోతే మీ గిటార్ మీకు లేనట్టే.

నేల మీద పెట్టే మానిటర్ డబ్బా బదులు చెవిలో పెట్టుకునే ఇన్‌ఇయర్‌కు మారినవాళ్ళలో చాలామంది ఒకటి రెండు ప్రోగ్రాములకే వదిలేస్తారు. గిటార్ పల్చగా ఉందంటారు, చెవిలో గీరుతోందంటారు, అందరి మధ్యా ఉండి కూడా గాజు పెట్టెలో ఒంటరిగా వాయిస్తున్నట్టుందంటారు. అన్నీ నిజమైన ఫిర్యాదులే. కానీ ఒక్కోదానికి కారణం ఒక్కోచోట ఉంటుంది. పల్చదనం చెవి దగ్గర పుడుతుంది, గీరుడు ప్రాసెసర్‌లో, ఒంటరితనం మిక్సర్‌లో. అన్నిటినీ మిక్సర్ ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే నాబులు) తిప్పే సరిచేద్దామని చూడటం వల్లనే పని పాడవుతుంది. కాబట్టి కింద చెప్పిన వరస మార్చకండి. చెవి కుదరకుండా ప్రాసెసర్ ముట్టుకోవద్దు, ప్రాసెసర్ కుదరకుండా మిక్సర్ దగ్గరికి పోవద్దు.

1. ముందు చెవి

చెవి రంధ్రం గాలి చొరబడకుండా మూసుకున్నప్పుడే ఇన్‌ఇయర్ సరిగా పనిచేస్తుంది. వెంట్రుకవాసి సందున్నా మొదట పోయేది బేస్. గిటార్ లావు తీగ స్వరం 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, నిండుదనం అనిపించేదంతా సుమారు 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సందులోంచి పోయేది సరిగ్గా అదే. దాన్ని ఈక్యూతో పెంచబోతే, తల తిప్పినప్పుడు ఇయర్‌ఫోన్ కాస్త సర్దుకోగానే బేస్ ఒక్కసారిగా మీద పడుతుంది.

పరీక్ష తేలిక. ఫోన్‌లో బేస్ బాగా ఉన్న పాట పెట్టి, రెండు ఇయర్‌ఫోన్లనూ వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ పెరిగితే టిప్ (చెవిలోకి దూరే మెత్తటి కొన) సైజు మీకు సరిపోలేదు. కుడి చెవికి ఒక సైజు, ఎడమకు ఇంకో సైజు పట్టడం మామూలే, మొహమాటపడకుండా అలాగే వాడండి. ఫోమ్ టిప్ అయితే వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి, ఎదుటి చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా 20 సెకన్లు అదిమి పట్టుకోవాలి. వైరు చెవి పైనుంచి వెనక్కి పోవాలి, లేకపోతే ప్రతి కదలికకూ టిప్ జారుతుంది.

కోరస్ పాడే గిటారిస్టులు ఇంకొకటి చూసుకోవాలి. నోరు పూర్తిగా తెరిచి ఒక పల్లవి పాడండి. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది, కొందరికి అక్కడే బేస్ పోతుంది. కస్టమ్ ఇన్‌ఇయర్ కోసం అచ్చు తీసేటప్పుడు పళ్ళ మధ్య చిన్న దిమ్మ పెట్టి నోరు తెరిపించేది ఇందుకే. ఆడియాలజిస్ట్ పెట్టకపోతే మీరే అడగండి.

ఏది కొనాలి అంటే, గిటార్‌కు ఒకే డైనమిక్ డ్రైవర్ (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్) ఉన్న షూర్ ఎస్ఈ 215 తరహా మోడల్ చాలు. ఎన్ని డ్రైవర్లున్నాయన్నది తర్వాతి మాట, మీ చెవికి ఎంత బిగుతుగా కూర్చుంటుందన్నది ముందు మాట. కేబుల్ విడదీయగలిగేదై ఉండాలి, ఎందుకంటే ముందుగా తెగేది కేబులే. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఎంత ఖరీదైనవైనా పనికిరావు. వాటి ఆలస్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, తాళంలో వాయించడం కుదరదు.

శబ్దం ఎంత పెట్టుకోవాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 కు ఒక గంట, 100 కు 15 నిమిషాలు. డ్రమ్స్ పక్కన స్టేజీ శబ్దం 100 దాటడం అరుదేమీ కాదు. చెవి బాగా మూసుకుంటే అందులో 20 నుంచి 25 డెసిబెల్స్ తగ్గుతుంది, అప్పుడు మిక్స్ 85 దగ్గరే హాయిగా వినపడుతుంది. ఇన్‌ఇయర్ చెవిని కాపాడేది ఇలా తక్కువ శబ్దంతో పని జరిగినప్పుడే. ఒక చెవిది తీసి మెడ మీద వేసుకుంటే రెండు నష్టాలు: తెరిచిన చెవికి స్టేజీ శబ్దం మొత్తం తగులుతుంది, మూసిన చెవిలో అది సరిపోక వాల్యూమ్ పెంచేస్తారు. జనం వినపడటం లేదని తీసేస్తుంటే దానికి మందు వేరే ఉంది, మిక్సర్ దగ్గర చెప్తాం.

2. వైరుతోనే మొదలుపెట్టండి

గిటారిస్టు ఎలాగూ ఒక కేబుల్‌తో కట్టుబడి ఉంటాడు. దానికి ఇంకో సన్న వైరు తోడైతే నష్టం లేదు. వైర్‌లెస్ మీద పెట్టే డబ్బు మొదట మంచి ఇన్‌ఇయర్ మీద, బెల్ట్ ప్యాక్ మీద పెట్టండి. కావలసినవి ఇవి:

- బెల్ట్ ప్యాక్, అంటే బెల్టుకు తగిలించుకునే హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి (బెరింగర్ పీ1, పీ2 లాంటివి)
- మిక్సర్ నుంచి మీ దాకా 6 నుంచి 10 మీటర్ల కేబుల్
- స్టీరియో కోసం వై కేబుల్
- విడి సెల్లు, విడి ఇయర్‌ఫోన్ కేబుల్

పీ2 లో ఇన్‌పుట్ సాకెట్ ఒకటే. స్టీరియో కావాలంటే మిక్సర్ ఎడమ, కుడి అవుట్‌పుట్‌లను ఒకే స్టీరియో జాక్‌లోకి తెచ్చే వై కేబుల్ చేయించుకోవాలి. ఎడమ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల కనెక్టర్) పిన్ 2 జాక్ కొనకు, కుడి ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ 2 మధ్య రింగుకు, రెండిటి పిన్ 1 జాక్ మొదలుకు కలపాలి. ఇప్పటి డిజిటల్ మిక్సర్లకు పిన్ 3 ఎక్కడా కలపకుండా వదిలేయాలి, గ్రౌండ్‌కు కలిపితే అవుట్‌పుట్ సర్క్యూట్ మీద భారం పడుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే అర్థం కాకపోతే క్యానన్ అనండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. మామూలు మోనో క్యానన్ కేబుల్ పెట్టి, ప్యాక్ మీది స్విచ్‌ను స్టీరియోలో వదిలేస్తారు. అప్పుడు ఎడమ చెవికి సిగ్నల్, కుడి చెవికి దాని తలకిందుల రూపం వస్తుంది. గిటార్ తల మధ్యలో నిలబడకుండా ఎక్కడో బయట బోలుగా తేలుతున్నట్టు ఉంటుంది, బేస్ ఉండదు. ఇలా అనిపిస్తే ఇంకేం చూడకముందు ఆ స్విచ్ చూడండి.

కనబడని ప్రమాదం ఇంకొకటి, హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం). ఒకటికన్నా ఎక్కువ డ్రైవర్లున్న ఇన్‌ఇయర్లలో ఇంపెడెన్స్ ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా ఉంటుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైతే ఆ హెచ్చుతగ్గులన్నీ స్వరం రంగులోకి వచ్చేస్తాయి. ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న కొలత: 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌లు. ఇంట్లో ఒకలా, స్టేజీ మీద ఒకలా వినపడుతోందంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇయర్‌ఫోన్ వైరును చొక్కా లోపలి నుంచి వెనక్కి పోనిచ్చి, గిటార్ పట్టీకి ఒక చోట క్లిప్ పెట్టండి. గిటార్ మార్చేటప్పుడు పట్టీతోపాటు చెవులు ఊడిరాకుండా క్లిప్ దగ్గర ఒక పిడికిలి వదులుంచాలి.

3. ప్రాసెసర్ నుంచి రెండు దారులు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: జనానికి పోయే సిగ్నల్ ఒకటి, మీ చెవికి వచ్చే సిగ్నల్ ఇంకొకటి కావాలి. ఒకదాన్ని ముట్టుకుంటే రెండోది కదలకూడదు. స్టేజీ మీద వినపడటం లేదని ప్రాసెసర్ మీది పెద్ద నాబ్ తిప్పితే, హాల్లో గిటార్ మీద పడుతుంది. సౌండ్ ఇంజినీర్ అక్కడ మిక్సర్ ఫేడర్ (చానెల్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) తగ్గిస్తాడు. మానిటర్ సిగ్నల్‌ను ఆ ఫేడర్ తర్వాత తీసుకుంటుంటే మీకూ తగ్గుతుంది, మీరు మళ్ళీ పెంచుతారు. పాట అయ్యేదాకా ఈ తాడులాగుడే.

ఒక్కో ప్రాసెసర్ మోడల్‌లో ఇది ఒక్కోలా ఉంటుంది. హీలిక్స్ ఫ్లోర్‌లో గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ పేజీకి పోయి, వాల్యూమ్ నాబ్ పావు అంగుళం అవుట్‌పుట్‌లను మాత్రమే నియంత్రించేలా పెట్టండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌లు మిక్సర్‌కు స్థిరంగా పోతాయి, నాబ్ మీ చెవికి మిగులుతుంది. క్వాడ్ కార్టెక్స్‌లో 1, 2 ఎక్స్‌ఎల్‌ఆర్‌లు, 3, 4 జాక్‌లు. గ్రిడ్‌లో దారి చీల్చి వేటికి ఏది పోవాలో విడిగా చెప్పొచ్చు. కెంపర్‌లో మెయిన్, మానిటర్ అవుట్‌పుట్‌లు వేర్వేరు, మాస్టర్ వాల్యూమ్‌తో మెయిన్‌కున్న లంకె తీసేస్తే చాలు. హెచ్ఎక్స్ స్టాంప్‌లో మెయిన్ అవుట్‌పుట్ ఒకే జత, ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు. అందులో చెయిన్ చివర సెండ్ బ్లాక్ పెట్టి, సెండ్ జాక్‌ను చెవి దారిగా వాడుకోవచ్చు. రెండో దారి అసలే లేని చిన్న ప్రాసెసర్ అయితే మాస్టర్ నాబ్‌ను ఒక చోట పెట్టి టేపు అంటించేయండి. చెవి వాల్యూమ్ ఇక బెల్ట్ ప్యాక్ మీదనే.

లెవెల్ సంగతి. ఎక్స్‌ఎల్‌ఆర్‌ను మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు పెడుతుంటే ప్రాసెసర్‌లో మైక్ లెవెల్ ఎంచుకోండి, లేదా లైన్ లెవెల్‌లో ఉంచి మిక్సర్‌లో ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే స్విచ్) వేయించండి. రెండూ చేయకపోతే గెయిన్ (ఇన్‌పుట్ బలం పెంచే నాబ్) సున్నాలో పెట్టినా సిగ్నల్ చిట్లుతుంది. ఆ చానెళ్ళలో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు పంపే కరెంటు) ఆపించండి. మిక్సర్ మీటర్‌లో సగటు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, అన్నిటికన్నా గట్టి ప్యాచ్ (ప్రాసెసర్‌లో దాచుకున్న స్వరం అమరిక) పీక్ మైనస్ 8 దాటకుండా ఉంటే ఇటు మీకూ అటు ఇంజినీర్‌కూ చోటు మిగులుతుంది.

4. ప్యాచ్‌లను చెవికి తగ్గట్టు చెక్కడం

గీరుడు ఎక్కడిది? ఆంప్ ముందు నిలబడితే మీరు వినేది స్పీకర్‌నూ గదినీ కలిపి, అదీ మోకాళ్ళ ఎత్తు నుంచి. ప్రాసెసర్ ఇచ్చేది స్పీకర్ గుడ్డకు ఆనించిన మైక్ వినేది. ఆ మైక్‌ను తీసుకొచ్చి చెవి పొర ముందు పెట్టినట్టే ఇన్‌ఇయర్. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే చిటపట ఇక్కడ ఏమాత్రం దాక్కోదు.

మొదట క్యాబ్ బ్లాక్ లేదా ఐఆర్ (రెండూ స్పీకర్ డబ్బా శబ్దాన్ని అనుకరించేవి) ఆన్‌లో ఉందో లేదో చూడండి. అసలు ఆంప్ వెనకున్న రిటర్న్ సాకెట్‌కు పెట్టి వాడిన ప్యాచ్‌ను అలాగే తెస్తే క్యాబ్ ఆఫ్‌లో ఉంటుంది, చెవిలో కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది. తర్వాత క్యాబ్ బ్లాక్‌లోనే లో కట్ (దానికి కిందున్న శబ్దాన్ని కోసేది) 80 నుంచి 110 హెర్ట్జ్ మధ్య, హై కట్ (పైనున్నదాన్ని కోసేది) 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టండి. క్లీన్ ప్యాచ్‌కు హై కట్ కాస్త పైన ఉండొచ్చు. అప్పటికీ గీరుతుంటే ఈక్యూ కన్నా ముందు మైక్ జాగా మార్చండి. స్పీకర్ నడిమధ్య నుంచి అంచువైపు కొంచెం జరిపితే పదునంతా దానంతటదే తగ్గుతుంది. ఈక్యూతో కోసింది కోసినట్టే వినపడుతుంది, మైక్ జరిపింది సహజంగా ఉంటుంది.

గ్లోబల్ ఈక్యూను హాలు కోసమో, పాతబడిన ఇయర్‌ఫోన్ కోసమో చివరి ఆయుధంగా దాచుకోండి. హీలిక్స్‌లో దాన్ని జాక్‌లకు మాత్రమే తగిలించవచ్చు, అప్పుడు జనానికి పోయేది మారదు.

ఇక గది. చెవి దారిలో చివర చిన్న రూమ్ రివర్బ్ (గది ప్రతిధ్వని) ఒకటి పెట్టండి: డికే (అది అణగడానికి పట్టే సమయం) 0.5 నుంచి 0.8 సెకన్లు, మిక్స్ 8 నుంచి 12 శాతం, లో కట్ 200 హెర్ట్జ్. వినిపించకూడదు, తీసేస్తే మాత్రం లోటు తెలియాలి. ఇది జనానికి పోయే దారిలో ఉండకూడదు, హాలుకు దాని రివర్బ్ దానికి ఉంటుంది. కెంపర్‌లో ఇలాంటి పనికే స్పేస్ అనే సెట్టింగ్ ఉంది.

ప్యాచ్‌ల లెవెల్స్ సమం చేయడం ఓపిక పని, కానీ ఇన్‌ఇయర్‌లో దాన్ని తప్పించుకోలేరు. నేల మానిటర్‌లో తెలియని 3 డెసిబెల్స్ తేడా చెవిలో స్పష్టంగా తెలుస్తుంది. మీటర్‌ను పూర్తిగా నమ్మొద్దు. క్లీన్ ప్యాచ్‌లో పీక్‌లు ఎత్తుగా లేచి పడిపోతాయి, డిస్టార్షన్ అణిగి నిండుగా ఉంటుంది, అందుకే మీటర్‌లో సమానంగా కనబడినవి చెవికి సమానం కావు. డ్రమ్స్, బేస్ ఉన్న ట్రాక్ పెట్టుకుని, దాని మధ్యలో ఒక్కో ప్యాచ్ కూర్చుంటోందో లేదో చెవితోనే తేల్చండి. సోలోకు ఆంప్ బ్లాక్ తర్వాత 3 డెసిబెల్స్ పెంచితే చాలు. ఆంప్ ముందు పెంచితే గట్టిదనం రాదు, డిస్టార్షన్ పెరుగుతుంది.

ఈ పనంతా స్టేజీ మీద వాడే ఇయర్‌ఫోన్‌తోనే, అక్కడ వినే వాల్యూమ్‌లోనే చేయండి. రాత్రిపూట ఇంట్లో సన్నగా పెట్టుకుని చేసిన ప్యాచ్‌లలో బేస్, ట్రెబుల్ రెండూ ఎక్కువైపోతాయి, ఎందుకంటే తక్కువ శబ్దంలో మన చెవి ఆ రెండిటినీ తక్కువగా వింటుంది. ముగిశాక ఒక్కసారైనా పెద్ద స్పీకర్ మీద, మోనోలో విని చూడండి. ఒక పక్కకు 15 మిల్లీసెకన్ల ఆలస్యమిచ్చి వెడల్పు చేసిన గిటార్ చెవిలో అద్భుతంగా ఉంటుంది, మోనో పీఏలో (జనం కోసం పెట్టే స్పీకర్లలో) డొల్లగా మారిపోతుంది. మన దగ్గర బయట వేదికల్లో చాలావాటి పీఏ మోనోనే.

5. మిక్సర్‌లో

ముందుగా అడగవలసింది: మీ ఆక్స్ సెండ్‌లు (ఒక్కో చానెల్ నుంచి మీ మానిటర్‌కు పంపే దారులు) ఫేడర్‌కు ముందు నుంచే పోతున్నాయా? ఫేడర్ తర్వాత నుంచి పోతే హాల్లో జరిగే ప్రతి మార్పూ మీ చెవిలో జరుగుతుంది. ఎక్స్32, ఎక్స్ఆర్18 లాంటి డిజిటల్ మిక్సర్లలో ఈక్యూకు ముందు నుంచి తీసుకునే వీలుంది. గిటార్‌కు అదే మంచిది. మీ స్వరం ప్రాసెసర్‌లోనే తయారైంది కాబట్టి హాలు కోసం ఇంజినీర్ చేసే కోతలు మీకు అక్కర్లేదు.

స్టీరియో మిక్స్‌కు రెండు బస్సులు (సెండ్‌లన్నీ కలిసి బయటికి పోయే దారులు) ఖర్చవుతాయి. ఎక్స్ఆర్18 లో ఆక్స్ బస్సులు 6, అంటే ముగ్గురికి స్టీరియో లేదా ఆరుగురికి మోనో. ఐదుగురి బ్యాండ్ అయితే గాయకుడికి స్టీరియో, మిగతా నలుగురికీ మోనో అని పంచుకోవచ్చు. కీబోర్డు, రెండో గిటార్ ఉన్న బ్యాండ్‌లో మాత్రం గిటారిస్టు స్టీరియో కోసం పట్టుబట్టడం న్యాయమే. ముగ్గురూ ఎక్కువగా 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్యే వినపడతారు. మోనోలో ఒకరి మీద ఒకరు ఎక్కుతారు, ప్రతివాళ్ళూ తమది పెంచమంటారు. పక్కలకు జరిపితే ఎవరినీ పెంచకుండానే అందరూ వినపడతారు.

మిక్స్ కట్టే వరస: అన్ని సెండ్‌లూ సున్నా చేసి, మొదట మీ గిటార్‌ను హాయిగా వినపడే చోట ఆపండి. తర్వాత కిక్, స్నేర్, హైహ్యాట్. ఆపైన బేస్, ప్రధాన గాయకుడు, కీబోర్డు, రెండో గిటార్, చివర క్లిక్ (తాళం చెప్పే టిక్కు శబ్దం). స్టేజీ మీద ఎవరు ఎటు నిలబడితే చెవిలోనూ అటే పెట్టండి, కంటికీ చెవికీ పొంతన కుదిరితే అలసట తగ్గుతుంది. ఏదైనా వినపడకపోతే దాన్ని పెంచే ముందు, దాన్ని కప్పేస్తున్నదేదో వెతికి తగ్గించండి.

ఒంటరితనానికి మందు ఆంబియన్స్ మైకులు. స్టేజీ ముందు అంచున రెండు కొసల్లో రెండు కండెన్సర్ మైకులు జనం వైపు తిప్పి పెట్టి, 150 నుంచి 200 హెర్ట్జ్ దగ్గర లో కట్ వేసి, ఇన్‌ఇయర్ బస్సులకు మాత్రమే పంపాలి. మెయిన్‌కు పొరపాటున కూడా పోకూడదు. పాటల మధ్య చప్పట్లు వినపడేంత ఉంటే చాలు. అలాగే డ్రమ్మర్ దగ్గరో కీబోర్డు దగ్గరో ఒక మాటల మైకు పెట్టండి. అందరి చెవులూ మూసుకున్నాక "ఇంకోసారి పల్లవి" అని చెప్పే దారి అదొక్కటే.

లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) లేకుండా ఇన్‌ఇయర్ పెట్టుకోవద్దు. బస్ కంప్రెసర్‌ను రేషియో 100, అటాక్ సున్నా చేసి, మామూలు పీక్ కన్నా 6 డెసిబెల్స్ పైన థ్రెషోల్డ్ పెట్టించండి. ఎవరో ఫాంటమ్ ఆన్‌లో ఉండగా మైకు పీకుతారు, ఎవరో కీబోర్డు జాక్ లాగుతారు. ఆ దెబ్బ నేరుగా చెవి పొరకు తగులుతుంది. బెల్ట్ ప్యాక్‌లో కూడా లిమిటర్ ఉంటే అదీ ఆన్ చేయండి.

మీ మిక్స్‌ను ఫోన్ నుంచి మీరే సర్దుకునే యాప్‌లు ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో చాలావాటికి ఉన్నాయి. మిక్సర్‌కు విడి వైఫై రౌటర్ పెట్టి 5 గిగాహెర్ట్జ్‌లో నడపండి. జనం నిండాక 2.4 గిగాహెర్ట్జ్ మీద వేల ఫోన్లు ఉంటాయి, మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో బాగా పనిచేసిన యాప్ రాత్రికి తెగిపోతుంది.

6. మిక్సర్ మీ చేతిలో లేనప్పుడు

అద్దె సౌండ్ వాళ్ళతో వాయించే చాలామంది పరిస్థితి ఇదే. వాళ్ళు ఇచ్చేది ఒక్క మోనో మానిటర్ లైను, అందులో ఏముంటుందో ముందే చెప్పలేం. ఇలాంటప్పుడు మీ సంచిలో నాలుగు చానెళ్ళ చిన్న అనలాగ్ మిక్సర్ ఒకటి ఉండాలి. ప్రాసెసర్ చెవి దారిని 1, 2 చానెళ్ళకు, సౌండ్ వాళ్ళ మానిటర్ లైనును మూడో చానెల్‌కు పెట్టండి. మిక్సర్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి చెవికి. మీ గిటార్ మీ చేతిలో ఉంటుంది, మిగతా బ్యాండ్ ఒకే నాబ్ మీద ఉంటుంది. ఈ అమరికలో లిమిటర్ ఉండదు కాబట్టి, హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ తర్వాత లిమిటర్ ఉన్న బెల్ట్ ప్యాక్ కలిపితే ఇంకా మంచిది.

ఇంజినీర్‌ను ఒక్కటి అడగండి: ఆ లైనులో నా గిటార్ వద్దు. ఎందుకంటే డిజిటల్ మిక్సర్ చుట్టి వచ్చిన గిటార్ ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. సమాన బలంతో రెండూ కలిస్తే, 1 మిల్లీసెకన్ తేడాకు 500 హెర్ట్జ్ దగ్గర మొదటి గుంట పడుతుంది, 2 మిల్లీసెకన్లకు 250 దగ్గర. స్వరం గొట్టంలోంచి వచ్చినట్టు అయిపోతుంది, ఏ ఈక్యూ దాన్ని బాగుచేయలేదు.

ప్రాసెసర్‌లోని ఆక్స్ ఇన్‌పుట్‌కే మానిటర్ లైను పెట్టి హెడ్‌ఫోన్ జాక్‌లో వినొచ్చు కదా అనిపిస్తుంది. కొన్నిటిలో కుదురుతుంది. చాలావాటిలో ఆక్స్ సిగ్నల్ మెయిన్ అవుట్‌పుట్‌కు కూడా పోతుంది, అంటే మానిటర్ మిక్స్ మళ్ళీ పీఏలోకి వెళ్ళి గింగిరాలు తిరిగి అరుస్తుంది. మాన్యువల్ చూసి, ఇంట్లో పరీక్షించాకనే ఆ దారి పట్టండి.

7. వైర్‌లెస్ తీసుకుంటే

2.4 గిగాహెర్ట్జ్ చిన్న సెట్లు చర్చి హాల్లో, రిహార్సల్ గదిలో బాగానే పనిచేస్తాయి, పెద్ద జనంలో తడబడతాయి. గిటార్ వైర్‌లెస్ కూడా అదే బ్యాండ్‌లో ఉంటే రెండూ కొట్టుకుంటాయి, ఒకదాన్ని వైరు చేయండి. షూర్ పీఎస్ఎం300, సెన్‌హైజర్ ఈడబ్ల్యూ ఐఈఎం జీ4 తరహా యూహెచ్ఎఫ్ అనలాగ్ సెట్లు జనంలోనూ నిలబడతాయి, ఆలస్యం దాదాపు ఉండదు. వాటి ఫ్రీక్వెన్సీలకు దేశాన్ని బట్టి నిబంధనలు మారతాయి. విదేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పాత సెట్ల వాడకం 2020 జులైతో ఆగిపోయింది, అలాంటివి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, కొనొద్దు.

ట్రాన్స్‌మిటర్ యాంటెనా మీకు కనబడే ఎత్తులో ఉండాలి, మైకు రిసీవర్ల పక్కన పెట్టకూడదు. గిటార్ ట్రాన్స్‌మిటర్ ఒక నడుము వైపు, ఇన్‌ఇయర్ రిసీవర్ రెండో వైపు తగిలించండి. చెవిలో బుస్సుమంటుంటే ప్యాక్ వాల్యూమ్ తగ్గించి, మిక్సర్ బస్ లెవెల్ పెంచండి. ప్యాక్ నాబ్ మధ్యలో ఉన్నప్పుడు సరిపోయేలా పంపడం సరైన పద్ధతి.

ఆలస్యాలు కలిపి చూసుకోండి. డిజిటల్ గిటార్ వైర్‌లెస్ 3 నుంచి 6 మిల్లీసెకన్లు, ప్రాసెసర్ 2 నుంచి 4, డిజిటల్ మిక్సర్ 1, డిజిటల్ ఇన్‌ఇయర్ ఇంకో 4 వేసుకోండి. ఒక మిల్లీసెకన్ అంటే గాలిలో 34 సెంటీమీటర్లు. మొత్తం 10 అయితే మూడున్నర మీటర్ల దూరంలో ఆంప్ ఉన్నట్టే, గిటార్‌కు ఇబ్బంది లేదు. 15 చేరితే వేగమైన పికింగ్‌లో చెయ్యి మొద్దుబారినట్టు అనిపిస్తుంది. కోరస్ పాడేవాళ్ళకు ఇంకా ముందే తెలుస్తుంది. తమ గొంతు ఎముకల ద్వారా వెంటనే, ఇయర్‌ఫోన్‌లో ఆలస్యంగా వచ్చి కలుస్తుంది.

8. కరెంటు, గుర్రుమనే శబ్దం

బయట వేదికల మీద జనరేటర్ మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోతుంది. ప్రాసెసర్ మళ్ళీ లేవడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు, అంతసేపూ మీ గిటార్ లేదు, మీ చెవిలో ఏమీ లేదు. కంప్యూటర్‌కు వాడే 600 వీఏ యూపీఎస్ ఒకటి ప్రాసెసర్, చిన్న మిక్సర్, రౌటర్ మూడింటికీ సరిపోతుంది. దాని బీప్ శబ్దం ముందే ఆపేసుకోండి.

50 హెర్ట్జ్ గుర్రు ఇన్‌ఇయర్‌లో దాక్కోదు. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే పోయిందంటే అది పికప్‌ది, లైట్ల డిమ్మర్‌కు దూరం జరగండి. పోలేదంటే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌లు ఒకటికన్నా ఎక్కువ దారుల్లో కలవడం). ప్రాసెసర్‌లో లేదా డీఐలో (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు కలిపే పెట్టెలో) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి, లేకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ పీకొద్దు. తడి నేల, ఇనుప తీగలు, పెదవికి తగిలే మైకు కలిసిన చోట అది ప్రాణం మీదికి తెస్తుంది.

9. ప్రోగ్రాము రోజు

స్టేజీ ఎక్కగానే ఈ వరసలో వెళ్ళండి. చెవులు పెట్టుకునే ముందు బెల్ట్ ప్యాక్ సున్నాలో ఉండాలి. కొత్త సెల్లు వేయండి, సౌండ్ చెక్‌కు వాడినవి ప్రోగ్రాముకు వాడొద్దు. గట్టి ప్యాచ్‌ను మొదట వాయించి మిక్సర్‌లో గెయిన్ తేల్చండి, ఆ తర్వాత ఆ గెయిన్ ముట్టుకోవద్దని ఇంజినీర్‌తో చెప్పండి. ఎందుకంటే గెయిన్ కదిలితే ఫేడర్‌కు ముందు తీసుకున్న మీ సెండ్ కూడా కదులుతుంది. ఎడమ కుడి సరిగా ఉన్నాయో లేదో ఒక్కో వైపు వాయించి చూడండి. లిమిటర్ ఆన్‌లో ఉందని కళ్ళతో చూసి, అప్పుడు ప్యాక్ వాల్యూమ్‌ను మెల్లగా పైకి తెండి. సౌండ్ చెక్ అయ్యాక మిక్సర్‌లో సీన్ (ఆ అమరిక మొత్తం) సేవ్ చేయించండి.

మొదటి రెండు పాటలకు మిక్స్ ముట్టుకోకండి. జనం నిండిన హాలు వేరు, వేడెక్కిన బ్యాండ్ వేరు, అది సర్దుకునేలోపు మీరు తిప్పింది మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వస్తుంది. నాలుగో పాటకల్లా వాల్యూమ్ పెంచాలనిపిస్తే ముందు టిప్‌లు చూసుకోండి. చెమటకు జారి ఉంటాయి, పాటల మధ్య తుడిచి మళ్ళీ పెట్టుకుంటే చాలాసార్లు నాబ్ ముట్టుకోకుండానే బేస్ తిరిగి వస్తుంది.

ఇంటికి వచ్చాక టిప్‌లు తీసి పొడిగుడ్డతో తుడిచి, గులిమి చేరిన జాలీని మెత్తటి బ్రష్‌తో కిందికి వంచి దులపండి. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఆరనివ్వండి. ఒక వైపు శబ్దం తగ్గినట్టుంటే డ్రైవర్ పోయిందనుకునే ముందు ఆ జాలీ చూడండి, తర్వాత కేబుల్ రెండు వైపులా మార్చి చూడండి. లోపం కేబుల్‌తోపాటు రెండో చెవికి మారితే కొనవలసింది కేబుల్ మాత్రమే.